కూతగాళ్ళలో మేటి ఎవరు?
పలక మీద పెట్టి చూసిన ఒక పంచాయితీ

సాయంత్రం బడి వదిలిన తరువాత మా మార్కాపురం ప్రాంతంలో ఏ ఊరి బడి ఆవరణకు వెళ్ళినా ఒక దృశ్యం కనబడుతుంది. ఎర్రమట్టి నేల మీద ముగ్గుపిండితో గీసిన గీతలు, అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, మధ్యలో 'కబడ్డీ కబడ్డీ' అంటూ కూత. పక్కన గట్టు మీద కూర్చున్న పిల్లవాడి చేతిలో ఒక పలక. ఎన్నో ఊళ్ళ బడిపిల్లలకు పలకలు పంపిన ఊరు మాది. పాఠాలు నోటుపుస్తకాలకు మారినా, ఆట లెక్క మాత్రం ఇంకా పలక మీదే రాస్తారు. ఒక్కొక్క పాయింటుకు ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక ఐదోది వాటి మీదుగా అడ్డంగా.

ఒక సాయంత్రం పదో తరగతి పిల్లలు ఇద్దరు ఆ పలక దగ్గర వాదులాడుకుంటున్నారు.

"ప్రదీప్ నర్వాల్‌ను మించిన మొనగాడు లేడురా!"

"పవన్ సెహ్రావత్ కూతకొస్తే మీ ప్రదీప్ ఎంతరా!"

గొంతులు పెరిగాయి. చివరకు ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు. "సార్, మీరే చెప్పండి, ఎవరు గొప్ప?"

"నేను చెబితే అది నా ఇష్టం అవుతుంది. మీరు చెబితే మీ ఇష్టం అవుతుంది. పలక ఏం చెబుతుందో చూద్దాం రండి" అన్నాను.

విద్యార్థులారా! ఆ సాయంత్రం పలక మీద జరిగినదే ఈ వ్యాసం. మీరు కూడా ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని లెక్కలు చేస్తూ చదవండి.

మొదటి తీర్పు: మొత్తం

ముందు ఆట సంగతి రెండు మాటల్లో. పురుషుల కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆట 40 నిమిషాలు, మధ్యలో విరామం. ఒక్కొక్క కూతకు 30 సెకన్లే గడువు. అవతలి వాణ్ణి తాకి తిరిగి వస్తే తాకిన ప్రతి మనిషికీ ఒక పాయింటు. పట్టుబడితే అవతలి జట్టుకు పాయింటు, కూతకు పోయినవాడు బరి బయట.

ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలయింది. మన తెలుగు టైటాన్స్ జట్టు మొదటి ఏటి నుంచీ అందులో ఆడుతున్నది. ఈ లీగులో 2017లో పట్నా జట్టు తరపున ప్రదీప్ నర్వాల్ కూత ద్వారా 369 పాయింట్లు తెచ్చాడు. 2019లో బెంగళూరు జట్టు తరపున పవన్ సెహ్రావత్ 346 పాయింట్లు తెచ్చాడు.

369 పెద్దదా, 346 పెద్దదా? ఒకటో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. ప్రదీప్ అభిమాని ఎగిరి గంతేశాడు.

"ఆగు. వాళ్ళు ఎన్ని ఆటలు ఆడారు?" అని అడిగాను.

రెండవ తీర్పు: సగటు

ఒక రైతు పది ఎకరాల్లో 50 బస్తాల కందులు పండించాడు. పక్క రైతు నాలుగు ఎకరాల్లో 24 బస్తాలు పండించాడు. ఎవరి సేద్యం మేలు? మొత్తం చూస్తే మొదటివాడిది. కాని ఎకరానికి ఎంత అని అడిగితే మొదటివాడికి 5 బస్తాలు, రెండోవాడికి 6. సేద్యాన్ని పోల్చాలంటే ఎకరంతో భాగించాలి. ఆటగాణ్ణి పోల్చాలంటే ఆటలతో భాగించాలి.

ఈ లీగులో మొదటి ఏడు ఎనిమిదే జట్లు. ఒక్కొక్క జట్టు మిగిలిన ఏడింటితోనూ రెండేసి సార్లు తలపడింది, అంటే 14 ఆటలు. 2017లో జట్లు 12 అయ్యాయి. ఒక్కొక్క జట్టుకు 22 ఆటలు వచ్చాయి. పై దశలకు వెళ్ళిన జట్లకు ఇంకా కొన్ని. 2014లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చిన అనూప్ కుమార్ లెక్క 155. 369 పక్కన 155 చూస్తే సగం కూడా లేదు. కాని అనూప్ ఆడినవి 16 ఆటలు. తేడాలో కొంత ఆటగాడిది, కొంత పట్టికది.

ఇప్పుడు మన ఇద్దరి సంగతి. 2017లో ప్రదీప్ 26 ఆటలు ఆడాడు. 2019లో పవన్ 24 ఆటలు ఆడాడు.

ప్రదీప్: 369 ÷ 26 = 14.19
పవన్: 346 ÷ 24 = 14.42

తీర్పు తిరగబడింది! ఈసారి గంతేసే వంతు పవన్ అభిమానిది.

మూడవ తీర్పు: ఒక్క రోజు మహిమ

"ఇంకా అయిపోలేదు. ఆ 24 ఆటల్లో పవన్ గొప్పగా ఆడిన రోజు ఏది?" అన్నాను. పిల్లలకు అది కంఠస్థమే. 2019 అక్టోబరు 2న హర్యానా జట్టు మీద ఒక్క ఆటలో 39 పాయింట్లు తెచ్చాడు. అంతకు ముందు ఒక ఆటలో అత్యధికం 34. అది 2017లో ప్రదీప్ తెచ్చినదే. అదీ హర్యానా మీదనే!

39 అంటే ఎంతో ఊహించండి. ఆట 40 నిమిషాలు, అంటే 2400 సెకన్లు. ప్రతి కూతకూ పూర్తిగా 30 సెకన్లు పడుతుందనుకుంటే మొత్తం 80 కూతలు. రెండు జట్లూ ఒకరి తరువాత ఒకరు వెళతారు కనుక జట్టుకు 40. కొన్ని కూతలు త్వరగా ముగుస్తాయి కనుక నిజానికి లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది. జట్టు మొత్తానికి నలభై కూతల అవకాశమున్న చోట ఒక్కడే 39 పాయింట్లు తెచ్చాడన్న మాట.

అటువంటి ఒక్క రోజు సగటును పైకి లాగుతుంది. అందుచేత ఇద్దరి లెక్కలోనూ వారి వారి గొప్ప ఆటను ఒక్కటి తీసి చూద్దాం.

ప్రదీప్: 369 − 34 = 335; 335 ÷ 25 = 13.40
పవన్: 346 − 39 = 307; 307 ÷ 23 = 13.35

మళ్ళీ తిరగబడింది! వెంట్రుకవాసి తేడాతో ప్రదీప్ ముందుకు వచ్చాడు. పిల్లలిద్దరూ నోళ్ళు తెరిచి పలక వంక చూశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మూడు ప్రశ్నలు అడిగాం. మూడు జవాబులు వచ్చాయి. అంకెలు అబద్ధం చెప్పాయా? లేదు. మూడూ నిజమే. 'ఏడాది మొత్తానికి జట్టుకు ఎక్కువ తెచ్చినది ఎవరు?' అన్న ప్రశ్నకు మొదటిది జవాబు. 'ఆటకు ఎంత?' అన్న దానికి రెండోది. 'మామూలు రోజున ఎంత?' అన్న దానికి మూడోది. ప్రశ్న మారితే జవాబు మారుతుంది. విజ్ఞానశాస్త్రంలో కొలతకు ముందు ప్రశ్నను సరిగా రాసుకోమనేది ఇందుకే.

మరొక కొలబద్ద: తోటివారు

మనిషి పొడవును గోడకు గీసిన గీతతో కొలవవచ్చును, పక్కన నిలబడినవారితోనూ పోల్చవచ్చును. 2017లో ప్రదీప్ 369 తెచ్చినప్పుడు, అతని తరువాతి స్థానంలో ఉన్న రోహిత్ కుమార్ 231 తెచ్చాడు. తేడా 138. 2019లో పవన్ 346 తెచ్చినప్పుడు తరువాతి స్థానం 302. తేడా 44. తోటివారి నుంచి ఎంత దూరం వెళ్ళాడని చూస్తే ప్రదీప్ చాలా ముందున్నాడు.

"కాని సార్, ఆ 302 తెచ్చినది ఎవరు?" అని పవన్ అభిమాని అడిగాడు. మంచి ప్రశ్న! ఆ తెచ్చినవాడు ప్రదీప్ నర్వాలే. పవన్ పక్కన నిలబడినవాడే అంత ఎత్తున్నవాడు. పక్కవాడు పొడగరి అయితే మన ఎత్తు తక్కువగా కనబడుతుంది. తోటివారితో పోల్చే కొలబద్దకు కూడా ఇలాంటి లోపం ఉంటుంది.

సముద్రం అవతల ఇదే పంచాయితీ

ఇటువంటి వాదన మన ఊళ్ళలోనే కాదు, ఆస్ట్రేలియాలో కూడా ఏళ్ళ తరబడి సాగుతున్నది. అక్కడ కోడిగుడ్డు ఆకారపు బంతితో ఒక ఆట ఆడతారు. దాని పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. జట్టుకు 18 మంది. మైదానం కూడా అండాకారమే. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు పాతుతారు. నడిమి రెండింటి మధ్య నుంచి బంతిని తన్నితే గోలు, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ఒక్క పాయింటే. గోలు ముందు నిలిచి, ఎగిరి బంతిని చేతులతో అందుకుని, గురి చూసి తన్నే పొడగరిని కీ ఫార్వర్డ్ అంటారు. మనకు కూతగాడు ఎటువంటివాడో, వారికి అతడు అటువంటివాడు.

వారి ముఖ్యమైన లీగులో ఐదుగురి లెక్కలు చూడండి.

టోనీ లాకెట్ (1983–2002): 281 ఆటలు, 1360 గోళ్ళు, ఆటకు 4.84
గోర్డన్ కోవెంట్రీ (1920–1937): 306 ఆటలు, 1299 గోళ్ళు, ఆటకు 4.25
లాన్స్ ఫ్రాంక్లిన్ (2005–2023): 354 ఆటలు, 1066 గోళ్ళు, ఆటకు 3.01
పీటర్ హడ్సన్ (1967–1977): 129 ఆటలు, 727 గోళ్ళు, ఆటకు 5.64
జాన్ కోల్మన్ (1949–1954): 98 ఆటలు, 537 గోళ్ళు, ఆటకు 5.48

మొత్తం చూస్తే లాకెట్. సగటు చూస్తే హడ్సన్. వరుస ఎలా తారుమారయిందో గమనించారా? మొత్తంలో మూడో స్థానంలో ఉన్న ఫ్రాంక్లిన్ సగటులో చివరికి వచ్చాడు. మరి అతడు తక్కువవాడా? కాదు. కాలం మారింది. జట్లు గుంపుగా వెనక్కు వచ్చి గోలును కాపాడుకోవడం నేర్చుకున్నాయి. ఒక్కడికే బంతి అందించే పద్ధతి తగ్గింది. ఒక ఏడాదిలో 100 గోళ్ళు కొట్టడం ఒకప్పుడు తరచుగా జరిగేది. 2008లో ఫ్రాంక్లిన్ కొట్టిన తరువాత చాలా ఏళ్ళు గడిచినా మరెవరూ ఆ సంఖ్యను అందుకోలేదు. వరి పండే మాగాణిలో దిగుబడినీ, మా పడమటి మెట్ట పొలంలో దిగుబడినీ ఒకే తక్కెడలో పెట్టి రైతును నిందించకూడదు గదా!

జాన్ కోల్మన్ సంగతి వేరు. 1949లో ఆడిన తొలి ఆటలోనే 12 గోళ్ళు కొట్టాడు. 1954లో మోకాలికి దెబ్బ తగిలింది. అప్పటికి వయసు 25. మళ్ళీ ఆ లీగులో ఆడలేదు. 98 ఆటలతో లెక్క ఆగిపోయింది. ఆటగాడికి సాధారణంగా మూడు దశలుంటాయి: నేర్చుకునే దశ, వెలిగే దశ, తగ్గే దశ. కోల్మన్ లెక్కలో మూడో దశ లేనే లేదు. అందువల్ల అతని సగటు పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆడినవారి సగటు కన్నా మెరుగ్గా కనబడవచ్చు. మరొక వైపు చూస్తే, ఇంకా వెలగవలసిన సంవత్సరాలు కూడా పోయాయి. రెండింటిలో ఏది ఎక్కువ? ఏ భాగహారమూ చెప్పలేదు.

మన వైపున ఇటువంటి జీవితమే తులసీదాస్ బలరాంది. 1936లో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. ఆ జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్స్‌లోనే ఆస్ట్రేలియావారు పైన చెప్పిన తమ ఆటను లోకానికి ప్రదర్శించి చూపారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు మూడు ఆటల్లో కొట్టినవి మూడు గోళ్ళు. వాటిలో రెండు బలరాంవి. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఆడాడు. మరుసటి ఏడే జబ్బు వల్ల ఆట మానవలసి వచ్చింది. 2023లో కన్నుమూశాడు. ఆయన గోళ్ళు ఎన్ని అని మాత్రమే అడిగితే, తోటివారి కాళ్ళ దగ్గరకు ఆయన అందించిన బంతులు లెక్కలోకి రావు. పలక మీద గీత పడేది గోలు కొట్టినవాడి పేరు పక్కనే.

ఒంటరి కూతగాడు

ఒక్క ఆటగాణ్ణి అతని జట్టు నుంచి విడదీసి కొలవగలమా? ఈ ప్రశ్నకు మన తెలుగు టైటాన్స్ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది.

2022లో పవన్ మరో జట్టులో ఉండగా మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ ఏడాదికి ఆట పోగొట్టుకున్నాడు. 2023లో తెలుగు టైటాన్స్ అతణ్ణి రెండున్నర కోట్ల రూపాయలకు పైగా పెట్టి తెచ్చుకుంది. 21 ఆటల్లో 202 పాయింట్లు తెచ్చాడు. ఆటకు 9.62. జట్టు మాత్రం 22 ఆటల్లో రెండే గెలిచి చివరి స్థానంలో నిలిచింది.

2019లో 14.42 ఉన్న సగటు 9.62కు ఎందుకు దిగింది? మోకాలి దెబ్బ ఒక కారణం కావచ్చు. వయసు కావచ్చు. కాని కబడ్డీ నియమంలోనే దాగిన మరొక కారణం ఉంది, జాగ్రత్తగా చూడండి. పట్టుబడిన కూతగాడు బరి బయట కూర్చోవాలి. అతడు మళ్ళీ లోపలికి రావాలంటే తోటివారు అవతలి జట్టులో ఒకరిని అవుట్ చేయాలి. తోటివారు బలవంతులైతే వెంటనే లేచి వస్తాడు. బలహీనులైతే బయటే కూర్చుంటాడు. బయట కూర్చున్నంత సేపూ ఒక్క కూతా లేదు, ఒక్క పాయింటూ లేదు. అంటే కూతగాడి పాయింట్లలో పట్టు పట్టేవారి చేతుల బలం కూడా కలిసి ఉంటుంది. పలక మీద గీత మాత్రం ఒక్కడి పేరు పక్కనే పడుతుంది.

తీసుకువచ్చినది, పోగొట్టినది

ఇంకొక చిక్కు చూద్దాం. రాము 20 కూతలకు వెళ్ళి 12 పాయింట్లు తెచ్చి, 8 సార్లు పట్టుబడ్డాడనుకుందాం. రహీము 15 కూతలకు వెళ్ళి 10 పాయింట్లు తెచ్చి, 2 సార్లే పట్టుబడ్డాడనుకుందాం. పాయింట్లలో రాము ముందున్నాడు. కాని పట్టుబడిన ప్రతిసారీ అవతలివారికి కనీసం ఒక పాయింటు ఇచ్చి వచ్చాడు.

రాము: 12 − 8 = 4
రహీము: 10 − 2 = 8

జట్టుకు మిగిలినది చూస్తే రహీముది రెట్టింపు. అంగట్లో అమ్మకం ఎంతో చెప్పి ఖర్చు చెప్పకపోతే లాభం తెలియదు గదా! కూతగాడి లెక్కా అంతే.

స్కేలుతో ఒక ప్రయోగం

పాయింట్లు సరే, కూతగాడికి ఆ పాయింట్లు తెచ్చిపెట్టే గుణం ఏది? ప్రదీప్ వంగి, పట్టుకున్న చేతుల గొలుసు కింది నుంచి దూరిపోయేవాడు. దానిని 'డుబ్కీ' అంటారు. పవన్ మనుషుల మీదుగా దూకుతాడు. ఒకరిది కింది దారి, ఇంకొకరిది పై దారి. కాని ఇద్దరికీ ఒకటి కావాలి: ఎదుటివాడి కదలిక కంటికి కనబడిన మరుక్షణమే ఒళ్ళు కదలాలి. కన్ను చూసింది మెదడుకు చేరి, మెదడు ఆజ్ఞ కండరానికి చేరడానికి పట్టే కాలాన్ని ప్రతిచర్యా కాలం అంటారు. దాన్ని మీరే కొలవవచ్చును.

ఒక 30 సెంటీమీటర్ల స్కేలును స్నేహితుడు పై కొస పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. మీరు కింది కొస దగ్గర, సున్న గీతకు ఎదురుగా, బొటనవేలూ చూపుడువేలూ తాకకుండా సిద్ధంగా పెట్టుకోండి. అతడు చెప్పకుండా వదులుతాడు. మీరు వేళ్ళు మూసి పట్టుకోండి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూడండి. స్వేచ్ఛగా పడే వస్తువు సూత్రం తొమ్మిది, పది తరగతుల వారికి తెలిసినదే. దాని ప్రకారం:

10 సెం.మీ. అయితే 0.14 సెకను
15 సెం.మీ. అయితే 0.17 సెకను
20 సెం.మీ. అయితే 0.20 సెకను
25 సెం.మీ. అయితే 0.23 సెకను

మనలో చాలామందికి 20 సెంటీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. కూతగాడి చేయి సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలిందనుకుంటే, ఎదుటివాడు ఉలిక్కిపడే ఆ 0.20 సెకనులో అది ఒక మీటరు దూరం పోతుంది. తాకడానికి అంతే చాలు!

ఈ ప్రయోగం ఒక్కసారి చేసి వదలకండి. పదిసార్లు చేసి సగటు తీయండి. మొదటిసారి 12 వచ్చిందని గొప్ప అనుకోవద్దు, 28 వచ్చిందని దిగులు పడవద్దు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఒకే కొలతనూ కొద్దిపాటి కొలతలనూ నమ్మి నేనొక పొరపాటు చేశాను.

నా డైరీలోని లెక్క

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయుని పోస్టు ఖాళీగా ఉంది. బాలికల కబడ్డీ జట్టు ఎంపిక నా మీద పడింది. తొమ్మిది అభ్యాసపు ఆటలు పెట్టాను. కూతకు చివరి స్థానం ఒకటే మిగిలింది, పోటీలో ఇద్దరు. ఒక అమ్మాయి 63 పాయింట్లు, ఇంకో అమ్మాయి 41. నేను మొత్తం చూశాను. 63 తెచ్చిన అమ్మాయి పేరు రాశాను.

రెండో అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. "సార్, నేను ఆడింది ఐదే గదా సార్?" అంది.

నిజమే. అది మిరపకోతల కాలం. వాళ్ళమ్మతో కోతకు పోయిన రోజుల్లో ఆమె సాయంత్రం బడిలో లేదు. 41ని 5తో భాగిస్తే 8.2. 63ని 9తో భాగిస్తే 7. సైన్సు చెప్పే నాకు ఆ భాగహారం తట్టలేదు. పేర్లు అప్పటికే పంపేశాను, మార్చడానికి వీల్లేదన్నారు. జట్టు ఆటో ఎక్కిన రోజు ఆమె గేటు దగ్గర నిలబడి స్నేహితురాళ్ళకు చేయి ఊపింది. మరుసటి ఏడు ఆ కుటుంబం పనికోసం ఊరు మారింది. మళ్ళీ ఆమె ఆట నేను చూడలేదు.

చాలాకాలం 'సగటు చూసి ఉంటే న్యాయం జరిగేది' అనుకున్నాను. ఒక రోజు డైరీ తీసి విడి విడి ఆటల లెక్క చూశాను. ఆమె ఐదు ఆటలు: 3, 15, 6, 12, 5. మొదటి అమ్మాయి తొమ్మిది ఆటలు: 7, 6, 8, 7, 6, 8, 7, 7, 7. చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి మధ్యనున్న అంకెను తీస్తే దానిని మధ్యగతం అంటారు. మొదటి అమ్మాయి మధ్యగతం 7, రెండో అమ్మాయిది 6. మళ్ళీ తీర్పు తిరగబడింది, ప్రదీప్, పవన్‌ల లెక్కలో లాగానే!

అయితే నా ఎంపిక సరైనదేనా? అదీ చెప్పలేను. ఒకరు నిలకడ గలవారు. ఇంకొకరు ఒక రోజు 3, ఒక రోజు 15. ఐదు ఆటలు చూసి ఆమె ఎటువంటి ఆటగత్తె అని తేల్చడం, ఒక్క గుక్క తాగి బావిలో నీళ్ళన్నీ తీపే అన్నట్లుంటుంది. నేను చేయవలసిన పని ఒకటే. ఆమెను ఇంకో నాలుగు ఆటలు ఆడించి చూడవలసింది. కోత లేని ఆదివారం నాడైనా పెట్టవలసింది. కొలతలు చాలనప్పుడు కొలతలు పెంచాలి. తీర్పు తొందరపడకూడదు. టీవీలో కనబడే మొనగాళ్ళలో మేటి ఎవరో తేలకపోతే ఎవరికీ నష్టం లేదు. బడిలో పన్నెండేళ్ళ పిల్లకు తేలకపోతే ఒక అవకాశం పోతుంది.

మీరు చేయవలసినది

మీ బడిలో ఆడే ఆట ఏదైనా సరే, ఒక పట్టిక తయారు చేయండి. పేరు పక్కన ఈ గడులు ఉండాలి: ఆడిన ఆటలు, వెళ్ళిన కూతలు, తెచ్చిన పాయింట్లు, పట్టుబడిన సార్లు. నెల రోజులు రాయండి. తరువాత మొత్తం, సగటు, మధ్యగతం, మిగులు నాలుగూ లెక్క కట్టండి. నాలుగు లెక్కల్లోనూ ఒకే పేరు మొదట వస్తే అనుమానం లేదు. వేరు వేరు పేర్లు వస్తే, మీ జట్టుకు ఇప్పుడు కావలసినది ఏమిటని ముందు అడగండి. ప్రతి ఆటా నిలకడగా గెలవాలా? ఓడిపోయే ఆటను ఒక్కసారిగా తిప్పగలవాడు కావాలా? ఆ తరువాతే పేరు రాయండి.

ఇంతకూ ఆ సాయంత్రం వాదన ఏమయిందని అడుగుతారా? చీకటి పడే వరకు పిల్లలిద్దరూ పలక చెరిపి మళ్ళీ మళ్ళీ లెక్క వేశారు. ఎవరి మొనగాణ్ణి వారు వదులుకోలేదు. కాని వెళ్ళబోతూ ప్రదీప్ అభిమాని, "మీవాడు ఆ ఒక్కరోజు 39 తేకపోయుంటేనా..." అన్నాడు. "మీవాడికి రెండాటలు ఎక్కువొచ్చినాయి గదరా" అన్నాడు రెండోవాడు. ఉత్త కేకలతో మొదలైన వాదన కారణాల దాకా వచ్చింది. నాకు అది చాలు.

మరునాటి నుంచి మా ఆట పలక మీద చిన్న మార్పు జరిగింది. పేరు పక్కన మొదటి గడిలో ఇప్పుడు పాయింట్లు ఉండవు. 'ఆడినవి' అని ఉంటుంది.